పచ్చ అంటే ఏ రంగు?

అమ్మా,

నీ మనవరాలు స్వాతి డిగ్రీ పాసైంది. నువ్వు పోయాక మన ఇంట్లో ఇదే మొదటి దావత్. డెకరేషన్‌కి ఏ రంగని అడిగితే, "అమ్మమ్మ చీర రంగే పెడదాం" అంది. నేనే స్టేషన్ ఘన్‌పూర్ టెంట్‌హౌస్‌కి వెళ్లి "అంతా పచ్చ" అని చెప్పి వచ్చాను.

టెంట్‌హౌస్ ఆయనది గుంటూరు వైపు. పొద్దున్నే వచ్చి పందిరి నిండా చిలకాకుపచ్చ గుడ్డలు కట్టాడు. బెలూన్లూ అవే. మా ఆయన చూసి, "గిదేంది, మక్కచేను లెక్కున్నది" అన్నాడు.

నీ చీర తెచ్చి చూపించాను. "ఇది పసుపు కదండీ" అన్నాడు టెంటాయన.

నువ్వు పచ్చ అన్నప్పుడల్లా "పసుపు అనాలె అమ్మమ్మా" అని దిద్దేది కదా నీ మనవరాలు. నా చేతిలోంచి చీర తీసుకుని తన కుర్చీ వెనక కట్టుకుంటూ చెప్పింది:

"మా ఇంట్ల దీన్నే పచ్చ అంటరన్నా."