ఈ పూట నుంచి ఉప్పు వేసుకో

చెంగమ్మా, ఒంటరిగా కుప్పం పోయి, ఆపరేషన్ చేయించుకుని, నవ్వుతూ తిరిగి రాగల మగాడు చౌడేపల్లెలో నేనొక్కడినే. నువ్వు రావద్దు.

ఆవుకు తౌడు నానబెట్టినాను. పాలు పితికి కేంద్రంలో పోసి రా. ఈ పూట నుంచి కూరలో ఉప్పు వేసుకో. నా కళ్ళు పచ్చబడ్డాయని పసరు తాగించి, నాకు ఉప్పు మాన్పించినావు. "నువ్వు సప్పిడి తింటాంటే నాకు ఉప్పు యాడ దిగుతాది?" అని నువ్వూ మానేసినావు. పత్యం నీకు ఎవరు చెప్పినారు? ఆ ఉప్పులేని పప్పు పెడితే ఆవు కూడా మొహం తిప్పుకుంది.

ఇవి పసరుకు పోయే కామెర్లు కావంట. కాలేయం కింద పిత్తాశయమనే చిన్న తిత్తిలో రాయి ఉందని నిన్న మదనపల్లెలో స్కానింగ్ తీసి చెప్పినారు. డాక్టరు నవ్వుతూ, "రేగుపండంత ఉండాది తాతా, కుప్పంలో తీసేస్తారు, పో" అన్నాడు.

నువ్వు గడ్డి కోసుకుని వచ్చేలోపే పోదామనుకున్నా.

మగాడూ లేదు, మన్నూ లేదు. గడప దాకా పోయి, తిరిగొచ్చి కూర్చుని ఇది రాస్తా ఉన్నా. రాయి పక్కన గడ్డ కూడా ఉందంట. "ఇంట్లో ఆమెను పిల్సుకోని పో తాతా" అన్నాడు డాక్టరు. అన్నం తిని, తరువాతి బస్సుకు రా. పుంగనూరు బస్టాండులో కూర్చుని ఉంటా. నువ్వు వచ్చేదాకా కుప్పం బస్సెక్కను.

ఆవు మొహం తిప్పుకున్న మాట నిజమే. డాక్టరు నవ్వినాడని రాసిందే నేను అల్లింది. ఆయన నవ్వలేదు.