నాన్న వద్దన్నాడు

కుప్పం,
ఆగస్టు 2004, మంగళవారం.

అర్చనా,

ఎలా ఉన్నావని అడిగే ఓపిక కూడా లేకుండా రాస్తున్నాను, ఏమనుకోకు. మదనపల్లెలో నా పదో తరగతి పిల్లల్ని నీకు అప్పగించి పరుగెత్తుకొచ్చాను. వాళ్లకు ఇంగ్లీషులో రిపోర్టెడ్ స్పీచ్ పాఠం సగంలో ఆగింది. ఒకరన్న మాటను మనం మళ్లీ చెప్పేటప్పుడు క్రియ ఒక కాలం వెనక్కి జరుగుతుందని చెప్పాను. ఆ మాట ఇప్పటికీ నిజమైతే జరపనక్కర్లేదని మాత్రం చెప్పలేదు. అది నువ్వు చెప్పు. నావల్ల కాదు.

నాన్న పుంగనూరు దగ్గర మా చేనులో వేరుశనగ కలుపు తీయిస్తూ ముల్లు తొక్కాడు. షుగరు మనిషి, నొప్పి తెలియలేదు. తెలిసేసరికి పాదం నల్లబడింది. ఇక్కడి ఆసుపత్రికి తెస్తే మోకాలి కింద తీసేయాలన్నారు. నిన్న పొద్దున ఇంకా తెలివిలోనే ఉన్నాడు. నా చెయ్యి పట్టుకుని, "కాలు తీయొద్దని సెప్పు మా. ఒంటికాలితో సేన్లోకి యెట్ల పోయేది? సచ్చినా పరవాలేదు, నాకొద్దు" అన్నాడు. సాయంత్రానికి జ్వరం తలకెక్కింది. ఇప్పుడు నన్నూ అమ్మనూ గుర్తుపట్టడం లేదు.

సర్జన్ కేరళ ఆయన, తెలుగు రాదు. నాతో ఇంగ్లీషులోనే అన్నాడు: "మీ నాన్నగారు వద్దన్నారని నర్సు చెబుతోంది. ఆయన మీతో ఏమన్నారో ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టండి. ఇప్పటికీ అదే ఆయన నిర్ణయమైతే మేం ముట్టుకోం." అమ్మ నా కొంగు పట్టుకుని, "ఆయప్పను బతికించు మాధవీ, యేమన్నా రాసెయ్యి" అని ఏడ్చింది.

కలం పట్టుకుని కూర్చున్నాను అర్చనా. 'డజ్ నాట్ వాంట్' అని రాస్తే నాన్న ఇప్పుడూ వద్దంటున్నట్టే. 'డిడ్ నాట్ వాంట్' అంటే అప్పుడు వద్దన్నాడు, ఇప్పటి సంగతి తెలియదు. వ్యాకరణం రెండింటినీ ఒప్పుకుంటుంది. నాన్న మనసు మారలేదని నాకు తెలుసు. మారే మనిషి కాదు. అయినా 'డిడ్ నాట్' అనే రాశాను. ఆయన ఇప్పుడు చెప్పే స్థితిలో లేడని, కూతురిగా నేను ఒప్పుకుంటున్నానని కింద చేర్చి సంతకం చేశాను. డాక్టరు చదివి, తలూపి లోపలికి వెళ్లాడు.

తలుపులు మూశారు. నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తోచడం లేదు.

నీ
మాధవీలత

కుప్పం,
ఆగస్టు నెలాఖరు.

అర్చనా,

నేను చేసింది తప్పు కాదని రాశావు. నాన్న బతికాడు, అది నిజం. జ్వరం దిగి తెలివొచ్చాక దుప్పటి తొలగించి చూసుకున్నాడు. అరవలేదు. "ఎవురు ఒప్పుకొనింది?" అని అమ్మనడిగాడు. అమ్మ నావైపు చూసింది.

అప్పట్నుంచి నాతో మాటల్లేవు. నేను మంచం పక్కనే నిలబడి ఉంటే అమ్మతో అంటాడు: "ఆ పొద్దూ వద్దంటి, ఈ పొద్దూ వద్దనే అంటాండానని దానికి సెప్పు." అమ్మ అదే మాట నాకు తిరిగి చెప్పి ముక్కు చీదుకుంటుంది. నీళ్లు కావాలన్నా, కిటికీ మూయాలన్నా అంతే. నేనిచ్చిన నీళ్లు తాగుతాడు. గ్లాసు మాత్రం అమ్మ చేతికిస్తాడు.

ఇవాళ పొద్దున అమ్మ ఇడ్లీలు తెస్తానని బయటికి వెళ్లింది. నేను దిండు సర్దుతుంటే, "మాధవీ" అన్నాడు.

"ఏం నాన్నా?"

"నా కాలు యేం సేసినారు? యాడన్నా పూడ్సినారా?"

నాకు తెలియదు అర్చనా. ఇన్నాళ్లలో అడగాలని కూడా తోచలేదు. "కనుక్కొని వస్తా నాన్నా" అన్నాను.

"కనుక్కోని రా. పారేసింటే మాత్రం నాకు సెప్పొద్దు" అని కిటికీవైపు తిరిగాడు.

కిందికెళ్లి ఆపరేషన్ థియేటర్ ఆయాను అడిగాను. "అట్టాంటివన్నీ కాల్చేస్తారు మేడం" అంది. ఎక్కడ అంటే, ఆసుపత్రి వెనకాల పొగగొట్టం చూపించింది. కాల్చడమంటే పారేసినట్టా, కాదా? ఎవరినడగను? మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

గేటు దగ్గర అమ్మ పొట్లాలతో వస్తూ కనిపిస్తోంది. సంగతి వింటే, "ఆయప్పకు నేను సెప్తాలే" అనే అంటుంది. వద్దు. ఈ మాట అమ్మ నోట చెప్పించను. నాన్న నన్నడిగాడు.

నీ
మాధవి