బేసి తేదీలు ఆయనవి

జనవరి 8

ఇవాళ నా రోజు. కాబట్టి మా ఆయన ఎండలో గవ్వల మ్యూజియం క్యూలో నిలబడ్డాడు. నేను నీడలో కూర్చుని ఇది రాస్తున్నాను. గవ్వలంటే ఆయనకి ఒళ్ళుమంట. నిజం చెప్పాలంటే నాకూ పెద్ద ఇష్టమేమీ లేదు.

రూల్ ఇదీ. సరి తేదీలు నావి, బేసి తేదీలు ఆయనవి. ఎవరి రోజున వాళ్ళు చెప్పిందే వేదం. ఎక్కడికి వెళ్ళాలి, ఏం తినాలి, ఏ గదిలో దిగాలి, అన్నీ. రెండోవాళ్ళు కిక్కురుమనకూడదు, మూతి ముడవకూడదు. కర్టెన్ల రంగు దగ్గర మొదలైన గొడవ తెగక, చివరికి కర్టెన్లు లేని ఇంట్లోనే కాపురం చేసిన జంట మాది. అలాంటివాళ్ళం ఉద్యోగాలు మానేసి, వీపున చెరో సంచీ తగిలించుకుని ఏడాది పాటు ద్వీపాలూ నగరాలూ తిరుగుతామంటే అందరూ నవ్వారు. ఒకరినొకరు సముద్రంలోకి తోసేసుకోకుండా తిరిగొస్తే చాలే, వీధంతా స్వీట్లు పంచుతా అంది అక్క. అందుకే విమానం ఎక్కకముందే ఈ ఒప్పందం. ఇంతవరకూ ఒక్క గొడవ లేదు. ఆశ్చర్యంగానే ఉంది.

జనవరి 11

ఆయన రోజు. బస్సు పక్కనుంచే వెళుతుంటే నడిపించాడు. మడమల మీద బొబ్బలు. కిక్కురుమనలేదు.

జనవరి 12

నా రోజు. రోజంతా నోరు విప్పకూడదని ఆర్డర్ వేశాను. విప్పలేదు. ఫెర్రీలో ఎవరో పెద్దాయన టైమెంత అని అడిగితే వాచీ చూపించాడు తప్ప పలకలేదు. పైగా ముఖంలో ఆ హాయి చూడాలి! సాయంత్రానికి నాకే పిచ్చెక్కింది.

ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు కొట్టేసే సీటు ఈయనది. కాలు విరిగి కర్రల మీద వచ్చినవాడికి కూడా ఫలానా క్లాజు ప్రకారం మీకు రాదండీ అని నవ్వుతూ చెప్పేవాడు. ఆఫీసులో అందరూ వెనకాల క్లాజుగారు అనేవాళ్ళు. ఆ సంగతి ఆయనకి తెలుసు. బిరుదులా మోసేవాడు.

ఫిబ్రవరి 1

పొద్దున్నే లేచి, ఇవాళ నాది కదా అని టవల్ సర్దుకుంటున్నాను. కాదమ్మా, ఇవాళా నాదే అన్నాడు. నిన్న ముప్ఫై ఒకటి, ఇవాళ ఒకటి, రెండూ బేసి. ఏడాదిలో ఏడుసార్లు ఇలా వస్తుందట. సంతకం పెట్టేముందు చదువుకోవద్దూ అన్నాడు. బేసి ఏరుకున్నది ఇందుకా అంటే పళ్ళికిలించాడు. తలగడ పెట్టి బాదాను. ఇద్దరం మంచం మీద పడి పొట్ట పట్టుకుని నవ్వాం.

ఆ కాసేపూ ఈయనంటే నాకు చచ్చేంత ఇష్టం వేసింది. రాసి పెట్టుకుంటే తప్పేం లేదు.

ఫిబ్రవరి 19

పెద్ద నగరం. గది కింద తాళాలు చేసే దుకాణం, పొద్దుట్నుంచీ గ్రైండర్ మోత. ఫ్యాన్ తిరిగితే లైటు ఆరుతుంది, లైటు వేస్తే ఫ్యాను ఆగుతుంది. ఉతికిన బట్టలు మూడు రోజులైనా ఆరవు. సంచీ తెరిస్తే బూజు వాసన. ఈ గది ఏరింది ఆయనే, బాగుందన్నాను.

అక్క ఫోన్ చేసింది. గొంతు బొంగురు పోయి చాలా రోజులైంది, తగ్గట్లేదు అంది. చన్నీళ్ళు తాగకే అన్నాను.

మార్చి 22

బావ బయాప్సీ రిపోర్ట్ ఫొటో తీసి పంపాడు. పన్నెండేళ్ళు ల్యాబ్ టెక్నీషియన్‌గా ఇలాంటి కాగితాలు జనం చేతుల్లో పెట్టినదాన్ని. రెండో లైన్లోనే ఉంది, క్యాన్సర్ అని.

స్వరపేటిక మొత్తం తీసేస్తారట. ఏప్రిల్ ఒకటి పొద్దున ఆపరేషన్. మనిషికి ఢోకా లేదు, మాట మాత్రం ఉండదు అన్నాడు బావ. మా ఇంట్లో అందరికంటే ఎక్కువ వాగేది అక్కే. అమ్మ పోయాక నాకు జడ వేస్తూ, తిడుతూ, కథలు చెబుతూ పెంచింది ఆ గొంతే.

ఇవాళ నా రోజే కదా, వచ్చేస్తానని అక్కకి చెప్పాను. వద్దంటే వద్దంది. ఇప్పుడొచ్చి ఏం చేస్తావే, నా మెడ పట్టుకుని ఏడుస్తావా, అదంతా అయ్యాక రా, అప్పుడు నా బదులు వాగే మనిషి కావాలి అంది.

మార్చి 30

అక్కకి ఫోన్ చేశాను. స్కానింగుల మధ్యలో ఉంది. రేపు సాయంత్రం తీరిగ్గా చెయ్యి, ఉన్న మాటలన్నీ నీ దగ్గరే ఖర్చు పెట్టేస్తా, రికార్డింగులూ గట్రా వద్దు, మెషీన్‌తో మాట్లాడాలంటే నాకు నవ్వొస్తుంది, నువ్వు వింటే చాలు అంది.

ఈయనకి చెప్పాను. రేపు సాయంత్రం నేను ఫోన్ దగ్గర ఉండాలి అన్నాను. తలూపాడు.

మార్చి 31, పొద్దున

ఆయన రోజు. చిన్న ద్వీపానికి వెళుతున్నాం. అక్కడ సిగ్నల్ ఉంటుందా అని అడిగాను. ఉంటుందన్నాడు. పడవ ఊగుతోంది, రాత వంకర్లు పోతోంది.

మార్చి 31, సాయంత్రం

ఒక్క గీత కూడా లేదు. ఒడ్డంతా ఫోన్ ఎత్తి పట్టుకుని తిరిగాను. కొబ్బరి మట్టలు ఊడుస్తున్న ఆవిడ నన్ను చూసి నవ్వి, ఇక్కడ ఎప్పుడూ రాదంది.

ఒక బోటతను వెనక్కి వెళుతున్నాడు, ఇద్దరినీ ఎక్కించుకుంటానన్నాడు. గంట ప్రయాణం. మా ఆయన్ని బతిమాలాను. కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. మనం ఇక్కడే ఉంటున్నాం అన్నాడు. ఇవాళ నాది, రేపూ నాదే, రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నారుగా, నువ్వు మాట్లాడితే ఆపరేషన్ ఆగుతుందా అన్నాడు. అరవలేదు. కాలు విరిగినవాడికి చెప్పినట్టే నవ్వుతూ చెప్పాడు.

బోటతను కాసేపు చూసి తాడు విప్పుకున్నాడు. ఒక్కదాన్నే ఎక్కేయొచ్చు. ఎక్కలేదు. రూల్ ముందు తప్పింది నేను కాకూడదనిపించింది. రాస్తుంటే సిగ్గేస్తోంది, కానీ అదే నిజం. బోటు చుక్కంత అయ్యేదాకా ఒడ్డునే నిలబడ్డాను.

ఏప్రిల్ 1

ఆయన రోజు. మాస్కు పెట్టుకుని నీళ్ళలో మునిగి చేపలు చూసొచ్చాడు. రంగురంగులవట.

ఏప్రిల్ 2

రేవులో దిగగానే ఫోన్ మోగడం మొదలుపెట్టి ఆగలేదు. అన్నీ మిస్డ్ కాల్సే, అన్నీ అక్కవే. చివరిది నిన్న పొద్దుటిది. తర్వాత బావ మెసేజ్. ఆపరేషన్ బాగా అయిందమ్మా, లోపలికి తీసుకెళ్ళేదాకా ఫోన్ చేతిలోనే పెట్టుకుంది, నర్సు లాక్కోవాల్సి వచ్చింది.

అక్కడే, సంచుల మధ్య కూలబడి ఏడ్చాను. అందరూ చూశారు, చూడనీ. ఈయన వాటర్ బాటిల్ తెచ్చాడు. సక్సెస్ అయిందిగా, ఇంకెందుకు ఏడుపు అన్నాడు. తర్వాత, అంత ముఖ్యమైతే నువ్వు వెళ్ళాల్సింది అన్నాడు. మనం ఇక్కడే ఉంటున్నాం అన్నానే గానీ, నువ్వు బోటెక్కొద్దని నేనన్నానా అన్నాడు.

అనలేదు. గుర్తు చేసుకున్నాను. నిజంగానే ఆ మాట అనలేదు.

ఏప్రిల్ 14

వీడియో కాల్. బావ ఫోన్ పట్టుకున్నాడు. అక్క మెడకి తెల్లటి కట్టు, మధ్యలో చిన్న గొట్టం. వచ్చేస్తున్నానక్కా అన్నాను.  అక్క పలక తీసుకుని రాసింది. ఇప్పుడు రాకు అని.

పలక దించి మొహం గోడవైపు తిప్పుకుంది. కొంచెం టైమివ్వమ్మా అని బావ ఫోన్ కట్ చేశాడు.

ఏప్రిల్ 16

నా రోజు. ఇంటికి పోదాం అంటే చాలు, మూటాముల్లె సర్దుతాడు. అనలేదు. ఇంటికెళితే రూల్ ఉండదు. నాకు రూల్ కావాలి.

ఏప్రిల్ 26

పడవంటే ఆయనకి కడుపులో తిప్పుతుంది. పొద్దుట్నుంచీ ముందు బల్ల మీద కూర్చోబెట్టాను, నీళ్ళు ఎగిరి పడే చోట. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. మూతి తుడుచుకుని, వ్యూ బాగుంది అన్నాడు.

ఏప్రిల్ 27

నన్ను రేకుల కింద పై మంచం ఎక్కించాడు. ఫ్యాను కిందివాళ్ళకే. చాలా బాగుంది అన్నాను.

మే 16

హాస్టల్లో పక్క గది జంట పోట్లాడుకుంటున్నారు. ప్లేటు పగిలింది. మీరిద్దరూ ఎంత చక్కగా ఉంటారో అంది హాస్టల్ ఊడ్చే అమ్మాయి.

మే 28

నా రోజు. పొద్దున్నే ఈయన ఒళ్ళు కాలిపోతోంది. కళ్ళ వెనకాల నొప్పి, ఒళ్ళంతా కొట్టినట్టుంది అన్నాడు. చేతుల మీద దోమకాట్లు. కొండ మీదికి మెట్లున్నాయి, పైనుంచి రెండు సముద్రాలు కనిపిస్తాయట, ఎక్కుదాం అన్నాను. ఎక్కాడు. మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కాడు. వద్దు అనే ఒక్క మాట కోసం ఎదురు చూశాను. అంటే నేను గెలిచినట్టు. అనలేదు.

రెండు సముద్రాలూ ఒకేలా ఉన్నాయి.

మే 29

ఆయన రోజు. పడుకున్నాడు. నన్నూ పక్కనే కూర్చోమన్నాడు. తడిగుడ్డ వేశాను, జ్వరం మాత్రలు ఇచ్చాను.

మే 30

నా రోజు. రక్తపరీక్ష చేయిద్దామా, ఇవన్నీ నీకు తెలుసుగా అన్నాడు. తెలుసు. ల్యాబు వీధి చివరే ఉంది, కిటికీలోంచి బోర్డు కనిపిస్తోంది. లోపల రక్తం వేరుచేసే సెంట్రిఫ్యూజ్ తిరుగుతుంటే వచ్చే సన్నటి కూత కూడా ఊహించుకోగలను.

అవతల ఒక చిన్న ద్వీపం ఉంది, పదిన్నరకి పడవ అన్నాను. అక్కడ ఆసుపత్రి ఉంటుందా అని అడిగాడు. ఉంటుందన్నాను.

సంచీ నేనే మోశాను. పడవలో నా భుజం మీద తల వాల్చాడు. తియ్యమనలేదు.

మే 31

జ్వరం దిగింది. ఈయన ఆనందం అంతా ఇంతా కాదు. రెండు ముద్దలు తిన్నాడు. చూశావా, ఉత్త వైరల్, ఇవాళ నాది కాబట్టి చెబుతున్నా, డాక్టరూ వద్దు, పడవా వద్దు, రెండ్రోజులూ ఇక్కడే రెస్ట్ అన్నాడు.

సరే అన్నాను.

డెంగీలో జ్వరం వదిలిన రోజే ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూడాలని మా ల్యాబులో అందరికీ తెలుసు. జనం తగ్గిపోయిందని మురిసిపోతారు, అప్పుడే ప్లేట్‌లెట్లు జారతాయి, రక్తనాళాల్లోంచి నీరు కారిపోతుంది. సాయంత్రం పళ్ళు తోముకుంటే బేసిన్ ఎర్రగా అయింది. బ్రష్ గట్టిగా ఉందన్నాడు. అవునేమో అన్నాను.

జూన్ 1, పొద్దున

కడుపులో నొప్పి అంటున్నాడు. చేతులు చల్లగా, జిగటగా ఉన్నాయి. నాడి సన్నగా పరిగెడుతోంది.

లాడ్జి ఆవిడ దుప్పటి మార్చడానికి వచ్చి ఈయన్ని చూసి నిలబడిపోయింది. రేవు దగ్గర నర్సు ఉంది, సెలైన్ ఎక్కిస్తుంది, మా స్కూటర్ తీసుకెళ్ళమ్మా అని తాళం ఇవ్వబోయింది. ఆయన వద్దన్నారండీ అన్నాను. నన్ను ఎగాదిగా చూసి తాళం మంచం మీద పెట్టి వెళ్ళిపోయింది.

జూన్ 1, మధ్యాహ్నం

ఇవాళ నీది, ఏం చేద్దాం అని అడిగాను. నీళ్ళు అన్నాడు. నీళ్ళిచ్చాను. ఇంకేం చేద్దాం అన్నాను. పడుకుంటా అన్నాడు.

జూన్ 1, సాయంత్రం

భయం వేస్తోంది. ఇందాక స్కూటర్ తాళం తీసుకుని మెట్ల దాకా వెళ్ళాను. అక్కడ, తెల్ల కట్టు కట్టిన అక్క మెడ గుర్తొచ్చింది. వెనక్కి వచ్చి కూర్చున్నాను. ఈయన ఒక్కసారి నాది తప్పే అంటే చాలు. తప్పు ఒప్పుకోనక్కర్లేదు, వెళ్దాం అన్నా చాలు. వీపున వేసుకుని అయినా తీసుకెళతాను.

కళ్ళు తెరిచాడు. పెదాలు తడుపుకుని, నాకేం తోచట్లేదు, ఇవాళ్టికి నువ్వే చెప్పు అన్నాడు.

రోజు మార్చుకోవచ్చని రూల్లో లేదు అన్నాను.

నా వంక చూశాడు. ఆయనకి అర్థమైంది. నవ్వాడనే అనుకుంటాను. అవును, లేదు అన్నాడు.

జూన్ 2

నా రోజు. లే, ఆసుపత్రికి వెళదాం అన్నాను. మొదటిసారి రూల్ తప్పాడు.