సరుకు వెంట మనిషి

గుంటూరు, జనవరి 1948

గురవయ్య మావయ్యకూ పుల్లమ్మ అత్తయ్యకూ చెన్నకేశవులు దణ్ణాలు పెట్టి రాసుకునేది.

ఫార్వర్డింగ్ ఆఫీసులో చేరాను. ఒకరి సరుకును ఇంకొకరికి రైల్లో పంపించి పెట్టడమే మా పని. మావయ్యా, ఇక్కడి వింత ఏమని చెప్పను! మేం కుర్చీలోంచి లేవం. కాగితం మీద ముద్ర వేస్తే మిరపకాయల బస్తాలు కలకత్తాలో దిగుతాయి! తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తోంది.

అయితే ఉగాదిలోగా సొంతంగా ఒక బేరం తేకపోతే ఇంటికి పొమ్మన్నారు యజమాని నరసింహారావుగారు. మన క్వారీ ధనుంజయరావుగారు మదరాసు పంపే నాపరాళ్లు మాకు ఇప్పించు. నువ్వు చెబితే కాదనడు.

నీ మేనల్లుడు

తా.క. నా కుర్చీకి చేతులు కూడా ఉన్నాయి.


చిరంజీవి చెన్నకేశవులుని దీవించి మీ మావ రాసేది.

నీ ఉత్తరం ఊరందరికీ చదివి వినిపించా. కుర్చీ చేతుల కాడికి వచ్చేసరికి మీ అత్త ఏడ్చింది.

ధనుంజయరావు ఒకటే అడిగాడు: "రాళ్ల వెంట ఎవురు పోతన్నారు?" న్యాయమే గదా! నేను బండి తోలినన్నాళ్లూ సరుకు వెంట మనిషి లేకుండా పొలిమేర దాటించలా. అవతలోళ్లకి అప్పజెప్పి, వాళ్లింట్లో అన్నం తింటేనే చేర్చినట్టు. "మా అల్లుడి కంపెనీ మనిషి ఉంటాడు. రాళ్లు పరిచే ఇంటి గడపదాకా పూచీ నాది" అని చేతిలో చెయ్యేశా. ఇస్తానన్నాడు.

మీ మావ గురవయ్య

తా.క. వెంటపోయే ఆయన కారం తింటాడా? మీ అత్త గోంగూర పచ్చడి కడతానంటంది.


మావయ్యకు నమస్కారాలు.

వెంట ఎవరూ పోరు మావయ్యా! రైలే తీసుకెళుతుంది. రశీదు టపాలో పోతుంది, అది చూపించి మదరాసు షావుకారు దింపుకుంటాడు. ఒక్క మనిషి వెంట లేకుండా దేశమంతా సరుకు కదులుతోంది, అదే ఇందులో గొప్ప! ధనుంజయరావుగారికి విడమరిచి చెప్పు.

నీ చెన్నకేశవులు

తా.క. పచ్చడి నాకు పంపించు.


అల్లుడికి ఆశీస్సులు.

నీ బాధ అర్థమైంది. కంపెనీకి మనుషుల్లేరు. ఆ మాట పైకి చెప్పుకోలేక రైలే తీసుకెళుద్దని రాశావు. నీ పరువు నా పరువు కాదంట్రా? ధనుంజయరావుకి చెప్పలా. నడికుడి స్టేషన్లో రాళ్లు రైలుకి ఎక్కించాం. మనిషిని నేనే చూశా. నమ్మకస్తుడు, జీతం అడగడు.

మీ మావ

తా.క. పచ్చడి ఆయనకే కట్టింది మీ అత్త. కట్టేటప్పుడు కాస్త ఏడ్చింది కూడా.


కేరాఫ్ నాపరాళ్ల షావుకారుగారు, మదరాసు

మావయ్యా, రాళ్ల వెంట నువ్వే పోయావని అత్తయ్య కబురంపింది. సరుకు పెట్టెలో మనుషులు ఎక్కకూడదు! పట్టుకుంటే నిన్ను జైల్లో వేస్తారు, నన్ను ఆఫీసులోంచి గెంటుతారు. యజమానికి ఇంకా తెలియదు. గుట్టుగా టిక్కెట్టు కొనుక్కుని వచ్చెయ్.

చెన్నకేశవులు

తా.క. ఎండలో ఆ రాళ్ల మీద ఎట్లా కూర్చున్నావు మావయ్యా?


మదరాసు

ఒరే అల్లుడూ, రాళ్లూ నేనూ క్షేమం.

గొడుగు తెచ్చుకున్నాలే. రైలు గుంటూరులో ఆగినప్పుడు స్టేషన్లో నిన్ను చూశా. చెవి మీద కలం పెట్టుకుని ఎంత దర్జాగా నడుస్తన్నావురా! పిలిస్తే నీకు చిన్నతనమని గొడుగు అడ్డం పెట్టుకున్నా. కళ్లెమ్మట నీళ్లు ఆగలా.

బెజవాడలో చిన్న పట్టాల రైలు పెట్టెలోంచి పెద్ద పట్టాల రైలు పెట్టెలోకి మారుస్తా కూలీలు రాళ్లు ఇసరబోయారు. నేను అరిచిన అరుపుకి గార్డు పరిగెత్తుకొచ్చి, కంపెనీ ఆఫీసర్ననుకుని సలాం కొట్టాడు. ఒక్క రాయి కూడా ఇరగకుండా రావడం ఇదే మొదలంట. ఇకనించి పల్నాడు రాళ్లన్నీ మీ ఆఫీసుకేనని షావుకారు మీ యజమానికి రాశాడు. నీ ఉద్యోగం ఖాయం.

సముద్రం చూశా. దానికి అవతలి గట్టు లేదురా! మన కృష్ణకి ఉంది గదా అని చానాసేపు ఎతికా. ఓడ మన ఊరంత ఉంది. అంతది నీళ్ల మీద ఎట్టా నిలబడిందో, చూస్తా చూస్తా అన్నం సంగతే మర్చిపోయా.

మీ మావ గురవయ్య

తా.క. రాళ్లు పరిచే ఇల్లు మదరాసులో కాదంట, కొలంబోలో అంట. మాటిచ్చా గదా. షావుకారు ఓడ టిక్కెట్టు తీశాడు, రేపే ఎక్కుతున్నా. మీ అత్తకి నువ్వే చెప్పు. రైలుకి భయపడలా, ఓడకి భయపడలా, ఆమెకి రాయాలంటే చెయ్యి ఆడటంలా.