యమున ఆ తెల్ల కారు ఎక్కేలోపు

వరంగల్ ములుగు రోడ్డులో కాపురముంటున్న కార్ల మెకానిక్ మొగిలయ్య అనే నేను, వయసు అరవై రెండు, రాస్తున్న వీలునామా ఇది. సోమవారం నా గుండెకు ఆపరేషన్. బుద్ధి నిలకడగానే ఉంది. పక్కన నిలబడి ఎవరూ రాయించడం లేదు. నా కష్టార్జితం ఎవరికి చెందాలో నా చేత్తోనే రాస్తున్నాను. దీన్ని అమలు చేసే బాధ్యత ఇరవై ఏళ్లుగా నా దగ్గర పనిచేస్తున్న రమాకాంత్‌ది.

1. ఇల్లు నా భార్య కట్టమ్మకు సర్వహక్కులతో చెందాలి. ఆమె అమ్ముకున్నా, కిరాయికిచ్చినా ఎవరూ అడ్డు చెప్పరాదు. గ్రీసు చేతులతో తలుపులు ముట్టుకోవద్దని ముప్పై ఏళ్లు మొత్తుకుంది. ఇకనైనా వాటికి తనకు నచ్చిన రంగు వేయించుకోవాలి.

2. షెడ్డులోని పనిముట్లన్నీ రమాకాంత్‌కు. పెద్ద జాకీని మాత్రం పక్క షెడ్డాయనకు అరువివ్వరాదు. పోయినసారి వంకర చేసి తెచ్చి, "ముందే గట్లున్నదే" అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేదు.

3. నా చేతి గడియారం నా బామ్మర్ది వెంకట్రాజానికి. పాత కార్లు కొని అమ్ముతాడు. నోరు పెద్దది గాని మనసు మంచిది. ఐదో అంశం చదివాక అతను గడియారం వద్దంటే రమాకాంత్ బలవంతం చేయరాదు.

4. నా బిడ్డ యమున ఏటూరునాగారం దాటాక గుట్ట మీది గూడెంలో నర్సు. జీపు దొరికితే జీపు, లేకుంటే నడక. అందుకే పాత కారు కొంటానంది. కాన్పు నొప్పులొచ్చిన ఆడవాళ్లను కూడా అందులోనే దవాఖానకు తెస్తానంటోంది. బ్యాంకులో నా పేరున ఉన్నదంతా ఆమెకే. బిడ్డా, కారు మాత్రం ఇట్లా చూసి కొను. కింది భాగం రాళ్లకు తగలనంత ఎత్తుండాలి. సామాను ములుగులోనే దొరకాలి, షోకు బండి మనకొద్దు. బ్రేకు పెడల్‌ను నిమిషం సేపు గట్టిగా తొక్కి పట్టుకో, మెల్లగా కిందికి జారితే దిగి వచ్చేయ్. ఎక్కుడు దారి మీద ఆపి హ్యాండ్ బ్రేకు వేసి చూడు. కాళ్ల కింది కార్పెట్ ఎత్తి తుప్పుందేమో చూడు. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడు. ఆ చివర మట్టి చార ఉంటే ఆ బండి వరద నీళ్లలో మునిగిందని అర్థం. అమ్మేవాడు సొంత మేనమామ అయినా సరే, కొనకు.

5. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా చెయ్యి మంచిదని ఇక్కడ ఒక నమ్మకం. కారు కొన్నవాళ్లు పూజ చేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, తాళం చెవి నా చేతికిచ్చి మొదట నాతోనే స్టార్ట్ చేయిస్తారు. ఆరేళ్ల కింద తాడ్వాయి అవతలి ఇప్పపువ్వు వ్యాపారి యాకయ్య వెంకట్రాజం దగ్గర ఒక ఎర్ర కారు కొన్నాడు. బామ్మర్ది తెచ్చిన బండే కదా అని నేను సరిగా చూడకుండానే బాగుందన్నాను. పూజయ్యాక లోపల కూర్చుని సీటు బెల్టు లాగితే చివర మట్టి కనిపించింది. బయట యాకయ్య పెళ్లాం పిల్లలు, పూల దండలు, పట్టలేని సంతోషం. వెంకట్రాజానికి కూడా అది మునిగిన బండని తెలియదు. దిగి చెప్పాల్సింది. నలుగురిలో నా మాట పోతుందని భయపడి స్టార్ట్ చేశాను.

నాలుగు నెలలకు గుట్ట దిగుతుంటే తుప్పు పట్టిన బ్రేకు పైపు పగిలి ఆ కారు చెట్టుకు గుద్దుకుంది. యాకయ్య కుడికాలు పోయింది. చూడడానికి దవాఖానకు పోతే నా చెయ్యి పట్టుకుని, "నీ చెయ్యి మంచిదన్నా, అందుకే పానంతోని బయటపడ్డ" అన్నాడు. అప్పుడూ నోరు తెరవలేదు. నాకు ఆ రోజు నుంచి సరిగా నిద్ర లేదు.

మొన్న సెలవు మీద ఇంటికొచ్చిన యమున ఫోనులో కొత్తగా బేరం కుదిరిన కారు ఫొటో చూపించింది. రంగు తెలుపు. నంబరు మాత్రం యాకయ్య ఎర్ర కారుదే. వెంకట్రాజం దాన్ని తిరిగి కొని, బాగుచేయించి, రంగు వేయించి, మేనకోడలని తక్కువకే ఇస్తున్నాడు. ఆ పగిలిన పైపు మార్చి ఉంటారు. మిగతా పైపులు ఆ బురద నీళ్లు తాగినవే. "శుక్రవారం పూజ, ఆపరేషన్‌కు ముందే నీ చేత్తోనే స్టార్ట్ చెయ్యాలె నాన్నా" అంది. సరే అన్నాను. ఆ సరే ఎట్లా అన్నానో నాకే తెలియదు.

6. ఇంతవరకు రాసి పెన్ను పక్కన పెట్టాను. వీలునామా మనిషి పోయాక చదువుతారు. కారు వచ్చేది శుక్రవారం. బతికుండగా బిడ్డ మొహం చూసి చెప్పే ధైర్యం లేక, చచ్చాక తెలుస్తుందిలే అని ఈ కాగితం మొదలుపెట్టానని ఒప్పుకుంటున్నాను. నేను పోయేసరికి ఆమె ఆ గుట్ట ఎన్నిసార్లు దిగుతుందో, పక్క సీట్లో ఎవరుంటారో.

కాబట్టి ఐదో అంశం ఈ రోజే అమల్లోకి వస్తుంది. సాక్షులు సంతకాలు పెట్టగానే ఈ కాగితం నేనే యమున చేతికిస్తాను. చదివేంతసేపూ లేచిపోకుండా ఎదురుగా కూర్చుంటాను. రేపు పొద్దున రమాకాంత్ నన్ను యాకయ్య ఇంటికి తీసుకుపోవాలి. ఆపరేషన్ బల్ల ఎక్కడానికి కూడా నాకు ఇంత భయం లేదు.

7. ఇది చదివాక యమున నన్ను నాన్నా అని పిలవకపోయినా, నాలుగో అంశంలో ఒక్క అక్షరం మారదు.

వరంగల్, 2025 జులై 9, బుధవారం.

సంతకం: మొగిలయ్య

సాక్షులు:
1. భానుచందర్, టైర్ల దుకాణం
2. సుభాషిణి, టైలర్, ఎదురిల్లు