ఎడమవైపు తబలా

ఆగస్టు 12, 2009
లాలాగూడ

మోండా మార్కెట్ దగ్గర హెడ్‌ఫోన్లు చూశాను. ఏం వింటారని అడిగాడు దుకాణదారు. పగలు ఇంటర్వ్యూ రికార్డింగులు, రాత్రి గజళ్ళు అన్నాను. అయితే చెవిని పూర్తిగా మూసేవి మంచివని ఒక జత ఇచ్చి, నాకు కంఠతా వచ్చిన గజలే పెట్టాడు. అందులో తబలా ఎడమవైపు మోగాలి. మోగలేదు. మూడు జతలు మార్చి, మూడింటిలోనూ ఎడమవైపు పనిచేయడం లేదన్నాను.

"జెర తిప్పి పెట్టుకోండ్రి సార్."

తిప్పాను. తబలా కుడిచెవిలో స్పష్టంగా మోగింది. ఎడమచెవిలో ఏమీ లేదు.

"మాల్‌కేం తక్లీఫ్ లేదు సార్. ముందుగాల డాక్టర్‌కు చూపెట్టుకోండ్రి. ఇవి యాడికి పోవు," అంటూ పెట్టెలో సర్దేశాడు.

ఇంటికొచ్చి మా ఆవిడ గ్రేస్‌కు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "ఎడమపక్క నుంచి పిలిస్తే మీరు పలకడం మానేసి నెలలైంది. కోపమనుకున్నా."

ఇరవై రెండేళ్ళుగా మనుషులు చెప్పింది విని రాస్తున్నాను. ఈ నెలల్లో నా ఎడమవైపు కూర్చున్నవాళ్ళు ఏమేం చెప్పారో...

ఈ మధ్య ఇంటి వెనక లైనులో రాత్రి గూడ్సు బళ్ళు తగ్గాయనుకున్నాను. ఇందాక కుడిచెవి దిండుకు అదిమి పడుకుని, కిటికీ అద్దం మీద చెయ్యి పెట్టి చూశాను.

చప్పుడు లేదు. అద్దం మాత్రం అదురుతూనే ఉంది.