ఎర్ర చుక్క కుదిరింది

హెల్మీకి, నేను క్షేమం, కళ్ళ సంగతి కూడా పరవాలేదు, బెంగ పెట్టుకోకు.

మా వేట గుడిసె కట్టుబాటు నీకు తెలిసిందే. బల్లకి కొట్టిన కాగితం పళ్ళెం మీద గురి తప్పినవాడు ఆ ఏడు జింకల వేటకి పోకూడదు, గుడిసెలో ఉండి వండాలి. పాత తుపాకీ కొసన గురి చూసుకునే ముల్లు నాకు మసకైపోయిందని కదా, ఎర్ర చుక్క కనబడే ఆ గురి అద్దం కొని బిగించాను. నిన్న అందులోంచి చూస్తే చుక్కకి తోకలు పుట్టి పళ్ళెం మొత్తం కప్పేసింది.

"ఏం బావా, గరిటె నీకేనా?" అని మీ తమ్ముడు రైనో ఒకటే నవ్వు.

అర్వో అన్నయ్య వచ్చి, "చుక్క వెలుగు ఎంత పెట్టావురా?" అన్నాడు. కళ్ళు ఆనవని నేను పూర్తిగా పెంచేశాను. "ముసలి కంటికి వెలుగెక్కువైతే చుక్క చెదురుతుంది, నాకూ అంతే" అని తనే తగ్గించాడు. చుక్క చిన్నదై కుదురుగా నిలబడింది. పేల్చినవన్నీ పళ్ళెంలోనే పడ్డాయి.

"ఒక్కడి గురీ తప్పలేదు, మరి వండేదెవరర్రా?" అని రైనో తల గోక్కున్నాడు.

ఆవిరి స్నానాల గదికి కట్టెలు సరిపోతున్నాయా? వాకిట్లో మంచు నువ్వు తొయ్యకు, నడుము పట్టేస్తుంది. ఎవరైనా ఇటు వస్తే నా ఉన్ని మేజోళ్ళు పంపు. మీ అక్కని అడిగానని చెప్పు.

సంచి అడుగున నువ్వు చెప్పకుండా పెట్టిన వంట ఏప్రాన్ చూశాను. మడత విప్పలేదు, అలాగే తెస్తాను.

నీ ఉర్హో